పక్షవాతరోగి పరిచర్య - పరిశోధన చూపు త్రోవ

పక్షవాతము వచ్చిన మనిషి ఆసుపత్రిలో ప్రాణాపాయము గడచి ఇల్లు చేరిన దినముననే ఆ యింటివారికి అసలు పని ఆరంభమగును. ఒక చేయి, ఒక కాలు స్వాధీనములో ఉండవు. మాట తడబడును. మ్రింగుటకు గొంతు సహకరింపదు. పక్కమీదనుండి లేచుటకు ఇంకొకరి భుజము కావలెను. విజయవాడ ఆసుపత్రినుండి దివిసీమలోని పల్లెకు పోయినను, గుడివాడ పట్టణమునకు పోయినను ఈ స్థితిలో భేదము లేదు. ఇక సలహాలకు కొదువ యుండదు. వెంటనే నిలబెట్టి నడిపింపుడని ఒకరు, నెల దినములు కదలింపవద్దని మరొకరు, ఫలానా తైలముతో మర్దన చేసినచో నరములు మేలుకొనునని ఇంకొకరు, పావురము రక్తము పూయుడని వేరొకరు చెప్పుదురు. చెప్పువారందరును మేలు కోరువారే. ప్రతి సలహాకును ఒక దృష్టాంతము సిద్ధముగా ఉండును: "మా మేనమామకు అట్లే చేసినాము, మూడు నెలలకు లేచి తిరిగినాడు."

ఇందులో ఏది నమ్మదగినది? ఇది ఒక ఇంటి సమస్య మాత్రమే కాదు. ఆసుపత్రిలోని నర్సుకు ప్రతిదినము ఎదురగు ప్రశ్నయు ఇదియే. రోగిని ఎప్పుడు లేపవలెను, ఎన్ని గంటల కొకసారి పక్క మార్చవలెను, ఎప్పుడు ఏమి తినిపింపవలెను, ఇంటివారికి ఏమి నేర్పవలెను అను నిర్ణయములలో చాల భాగము ఆమె చేతిలో ఉన్నవి. వ్యాధి తగ్గిన పిదప మిగిలిన శక్తితో రోగిని తిరిగి తన పనులు తాను చేసికొనునట్లు చేయుటకు పునరావాసమని పేరు. ఆ దశలో చేయు సేవ పునరావాస పరిచర్య. పూర్వము దీనికి వాడుకయు, పెద్ద నర్సుల మాటయు ప్రమాణములు. నేడు పరిశోధనల సాక్ష్యము మూడవ ప్రమాణముగా వచ్చి చేరినది. కొన్ని పట్టుల అది మొదటి రెండింటిని సరిదిద్దినది కూడ.

పక్షవాతము పట్టణవాసులకు మాత్రమే వచ్చు జబ్బు కాదు. 2003-04లో ఉభయ గోదావరి జిల్లాల 45 గ్రామములలో సంభవించిన 1,354 మరణములకు కారణములను పరిశోధకులు విచారించిరి. మరణించినవారి ఇండ్లకు పోయి, వ్యాధి లక్షణములను బంధువులనుండి అడిగి తెలిసికొని, వైద్యులచే కారణము నిర్ణయింపజేసిరి. గుండె, రక్తనాళముల వ్యాధులు నూటికి 32 మరణములకు కారణమై మొదటి స్థానమున నిలిచెను. పక్షవాతము ఈ తెగకు చెందినదే. కృష్ణా డెల్టాకు పొరుగుననే ఉన్న పల్లెల లెక్క యిది.

తనంతట తాను కొంత కోలుకొను మెదడు

మెదడు బరువు శరీరపు బరువులో నూటికి రెండు వంతులే. అయినను శరీరము వాడుకొను ప్రాణవాయువులో సుమారు ఐదవ వంతు దానికే కావలెను. అందుచేత రక్తము అందుట ఆగినచో మెదడు కొద్ది నిమిషములకు మించి ఓర్వలేదు. రక్తము ఆగుట రెండు విధములు. కాలువలో పూడిక పడి చివరి భూములకు నీరు అందనట్లు రక్తనాళములో గడ్డ అడ్డుపడుట ఒకటి. కాలువకు గండి పడినట్లు నాళము చిట్లుట రెండవది. మెదడు ఎడమ సగము శరీరపు కుడివైపును, కుడి సగము ఎడమవైపును నడపును. కనుక దెబ్బ ఒకవైపు తగిలిన, చేయి కాలు రెండవవైపున పడిపోవును.

దెబ్బతిన్న చోటున నడుమ నున్న కణములు చనిపోవును. వాని చుట్టునున్న కణములు కొన్ని చావక, పనిచేయక, మూర్ఛపోయినట్లు ఉండును. కొన్ని వారములలో వాపు తీసి, వీనిలో కొన్ని తిరిగి పనికి వచ్చును. అదిగాక, సాధన వలన మెదడులోని ఇతర భాగములు పోయిన పనిని కొంతవరకు అందుకొనును. ఈ కోలుకొనుట మొదటి మూడు మాసములలో వేగముగను, తరువాత మెల్లగను జరుగును.

పరిశోధన అవసరమగుటకు కారణము ఇక్కడనే ఉన్నది. ఏమియు చేయకున్నను రోగులలో చాలమంది మొదటి మూడు మాసములలో కొంత బాగుపడుదురు. ఆ కాలములో రాసిన తైలమునకును, మ్రింగిన మందునకును, చేయించిన వ్యాయామమునకును ఆ కీర్తి దక్కును. కాకి వాలుటయు తాటిపండు పడుటయు ఒక్కసారి జరిగినంత మాత్రమున కాకి పండును రాల్చినదని చెప్పరాదు. మేనమామ నడచిన మాట నిజమే. ఆ వైద్యము చేయకున్నను ఆయన నడచియుండెడివాడా అనునది మాత్రము ఆ ఒక్క దృష్టాంతమువలన తెలియదు. దానిని తెలిసికొనుటకు పోలిక కావలెను.

పొలములో పుట్టిన పద్ధతి

పోలిక యొక్క విలువ డెల్టా రైతుకు తెలియనిది కాదు. రెండు వరి వంగడములను పరీక్షింపదలచిన రైతు ఒకదానిని కాలువగట్టు మడిలోను, రెండవదానిని చివర చౌడు మడిలోను వేసినచో పంటలోని తేడా విత్తనముదో, నేలదో చెప్పలేడు. 1920 తరువాతి దశాబ్దమున ఇంగ్లండులోని రోథంస్టెడ్ వ్యవసాయ పరిశోధనాలయమున రోనాల్డ్ ఫిషర్ దీనికి ఉపాయము చెప్పెను. పొలమును చిన్న చిన్న మడులుగా విభజించి, ఏ మడికి ఏ విత్తనమో మనిషి ఇష్టమునకు విడువక చీట్లు వేసి నిర్ణయింపవలెను. అప్పుడు మంచినేల, చౌడునేల రెండు పక్షములకును ఇంచుమించు సమముగ పడును. ఈ ఫిషర్ వద్దనే 1948లో కేంబ్రిడ్జిలో డాక్టరేటు పొందిన గణాంకశాస్త్రజ్ఞుడు సి. ఆర్. రావు (1920-2023). ఆయన బాల్యవిద్యలో కొంత భాగము కృష్ణా ప్రాంతమునందలి నూజివీడు, నందిగామలలో సాగినది.

అదే 1948లో ఈ పద్ధతి రోగుల యెడ వాడబడి ప్రసిద్ధికెక్కెను. క్షయవ్యాధికి స్ట్రెప్టోమైసిన్ మందు పనిచేయునా అని బ్రిటనులో పరీక్షించిరి. మందు ఇచ్చిన 55 మందిలో ఆరు మాసములలో 4 గురు మరణించిరి. పడక విశ్రాంతి మాత్రమే పొందిన 52 మందిలో 14 గురు మరణించిరి. ఎవరికి ఏ చికిత్స అను నిర్ణయము వైద్యుని ఇష్టమునకు వదలలేదు గనుక ఈ భేదము మందు వలననే అని చెప్పగలిగిరి.

దక్షిణ భారతమునకు ఈ పద్ధతి త్వరలోనే వచ్చినది. క్షయరోగిని శానిటోరియములో ఉంచవలెనని అప్పటి నమ్మకము. మంచి గాలి, మంచి తిండి, విశ్రాంతి అక్కడనే దొరకునని కారణము. మదరాసులో 1956లో స్థాపింపబడిన పరిశోధన కేంద్రమువారు 193 మంది పేద రోగులను రెండు వర్గములు చేసి, ఒక వర్గమునకు ఇంటివద్దను, రెండవ వర్గమునకు శానిటోరియములోను ఒకే మందులను ఒక సంవత్సరము ఇచ్చిరి. 1959లో వెలువడిన ఫలితము ప్రపంచ వైద్యులను ఆశ్చర్యపరచెను. ఇంటి చికిత్స శానిటోరియము చికిత్సకు ఇంచుమించు సాటి వచ్చెను. ఇంటివారికి వ్యాధి అంటుటయు హెచ్చలేదు. ఇరుకిండ్లలో, తక్కువ తిండితో ఉన్న రోగులు మందులవలననే కోలుకొనిరి.

నర్సు వృత్తికి కూడ లెక్కలు కొత్తవి కావు. క్రిమియా యుద్ధకాలమున టర్కీలోని స్కుటారి సైనికాసుపత్రిలో పనిచేసిన ఫ్లోరెన్స్ నైటింగేల్, సైనికులలో ఎక్కువమంది మరణించినది గాయములవలన గాక, నివారింపదగిన అంటువ్యాధులవలన అని అంకెలతో, పటములతో నిరూపించెను. 1858లో లండను గణాంక సంఘమున సభ్యత్వము పొందిన మొదటి స్త్రీ ఆమెయే. భారతదేశపు ఆరోగ్యమును గూర్చియు ఆమె దశాబ్దముల తరబడి శ్రమించెను. కరవుల నివారణకు కాలువలు త్రవ్వవలెనని వాదించిన ఆర్థర్ కాటన్ పక్షమున నిలిచెను. విజయవాడవద్ద 1855లో పూర్తియైన కృష్ణ ఆనకట్ట ఆ కాటన్ ప్రోత్సాహముతో వచ్చినదే.

గుంటూరు మొదలు లూధియానా వరకు

మదరాసు ఫలితము గుర్తున్నవారికి పక్షవాతము విషయమున ఒక ఆశ సహజముగ కలుగును. మన దేశములో పునరావాస కేంద్రములు తక్కువ. శిక్షణ గల వ్యాయామ చికిత్సకులు పట్టణములలోనే ఉందురు. రోగి వెంట ఆసుపత్రిలో ఇంటి మనిషి ఒకరు ఎల్లప్పుడు ఉండుట మనకు ఆచారము. ఆ మనిషికే సాధన చేయించు విధానము నేర్పి పంపినచో, కొరత కొంత తీరదా? ఖర్చు స్వల్పము, మనిషి సిద్ధము, ప్రేమకు లోటు లేదు. ఈ ఆలోచనను తప్పు పట్టుటకు ఏమియు కనబడదు.

అయినను పరిశోధకులు దానిని పరీక్షకు పెట్టిరి. 'అటెండ్' అను పేరుగల ఆ పరిశోధన ఆస్ట్రేలియా ప్రభుత్వ వైద్య పరిశోధన మండలి ధనసహాయముతో, భారత ఆస్ట్రేలియా శాస్త్రజ్ఞుల కూడికతో 2014 జనవరినుండి మన దేశములోని 14 ఆసుపత్రులలో సాగెను. లూధియానా, ఢిల్లీ నగరములతోబాటు హైదరాబాదు, గుంటూరు ఆసుపత్రులును అందు పాల్గొనెను. పక్షవాతము వచ్చి నెల దాటని, ఇంట చూచుకొను మనిషి గల 1,250 మంది రోగులను చేర్చుకొనిరి. చీట్లు వేసిన రీతిగ, వర్గము యాదృచ్ఛికముగ నిర్ణయింపబడెను. 627 మందికి మామూలు చికిత్స. 623 మందికి మామూలు చికిత్సతో పాటు ఇంటి మనిషికి శిక్షణ. వ్యాధిని గూర్చి వివరించుట, రోగియు ఇంటివారును కలిసి లక్ష్యములు ఏర్పరచుకొనుట, లేచుట, కూర్చుండుట, నడచుట, గ్లాసు పట్టుకొనుట వంటి పనులను మరల మరల సాధన చేయించు విధము నేర్పుట ఆ శిక్షణలోని అంశములు. ఆసుపత్రిలో ఆరంభించి, ఇంటివద్ద రెండు మాసముల వరకు కొనసాగించిరి.

ఆరు మాసముల తరువాత ప్రతి రోగి స్థితిని లెక్కించిరి. లెక్కించువారికి రోగి ఏ వర్గమువాడో తెలియనీయలేదు. తెలిసినచో మనస్సు తెలియకయే ఒకవైపు మొగ్గవచ్చును గదా. మరణించినవారును, ఇతరుల సహాయము లేక జీవింపలేనివారును ఎందరో చూడగా, ఇంటివారికి శిక్షణ ఇచ్చిన వర్గమున 607 మందిలో 285 గురు, మామూలు వర్గమున 605 మందిలో 287 గురు తేలిరి. విద్యార్థులు భాగించి చూడవచ్చును. రెండు వర్గములలోను నూటికి 47. మరణములు 72, 86. ఈ భేదము యాదృచ్ఛికముగ రాదగినంత స్వల్పము. 2017లో లండను వైద్యపత్రిక లాన్సెట్‌లో ఈ ఫలితము వెలువడెను. మంచి ఆలోచన, మంచి మనస్సు, ఎంతో శ్రమ. అయినను ఆశించిన లాభము కనబడలేదు.

ఈ ఫలితమును చదువు విధము

ఇట్టి ఫలితమును తప్పుగ చదువుట సులభము. ఇంటివారి సేవ వ్యర్థమని దీని అర్థము కాదు. రెండు వర్గములలోను ఇంటివారు ఉన్నారు. రెండు వర్గములలోను వారే అన్నము పెట్టిరి, స్నానము చేయించిరి, పక్క మార్చిరి. పరీక్షకు వచ్చినది వారి సేవ కాదు. దానిపై అదనముగా ఇచ్చిన శిక్షణ మాత్రమే. సాధన వలన ప్రయోజనము లేదనియు దీని అర్థము కాదు. ఈ శిక్షణ, ఈ మోతాదులో, మామూలు చికిత్సకు చేర్చినప్పుడు, ఆరు మాసములకు వైకల్యమును తగ్గించినట్లు కనబడలేదు. అంతవరకే సాక్ష్యము చెప్పును.

అయినను ఆ కొద్దిమాట వలన కలుగు ఫలము పెద్దది. మొదటిది, ఆసుపత్రుల బాధ్యతను గూర్చినది. ఇంటివారికి నాలుగు వ్యాయామములు నేర్పి పంపితిమి, ఇక శిక్షణ గల నర్సులు, చికిత్సకులు అక్కరలేదు అని ఎవరైనను తలచినచో, ఆ తలంపునకు ఈ పరిశోధన ఆధారము ఈయదు. రెండవది, ఇంటివారిని గూర్చినది. రోగి ఆశించినంత కోలుకొననప్పుడు "నేను సరిగా చేయింపలేదు కాబోలు" అని భార్యయో, కోడలో, కొడుకో తమను తాము నిందించుకొనుట తరచు జరుగును. కూలిపని మానుకొని మంచము ప్రక్కన కూర్చున్న మనిషి మోయు ఆ నిందకు ఆధారము లేదు. రోగి ఎంత కోలుకొనుననుట దెబ్బ తగిలిన చోటు మీదను, దాని పరిమాణము మీదను, వయస్సు మీదను చాలవరకు ఆధారపడియుండును. ఈ మాట నర్సు నోట వినుట ఇంటివారికి ఊరట.

1959లో ఇల్లు గెలిచినది. 2017లో ఇంటి శిక్షణ గెలువలేదు. రెండు పర్యాయములును ముందుగా ఊహించినవారిలో ఎక్కువమంది పొరబడిరి. ఊహ ఎంత యుక్తముగా కనబడినను పరీక్ష దాని పని తాను చేయవలసినదే.

నర్సుల చేతిలో ఫలించినవి

పరిశోధన కాదని చెప్పుటయే గాక, ఔనని చెప్పిన విషయములును కలవు. పక్షవాత రోగులను సాధారణ వార్డులలో చెదరగొట్టక, ఒక ప్రత్యేక విభాగమున చేర్చి, ఆ వ్యాధి తెలిసిన వైద్యులు, నర్సులు, చికిత్సకులు కలిసి చూచినచో మరణించువారును, పరాధీనులగువారును తగ్గుదురని 28 పరీక్షలను, 5,855 మంది రోగులను కూర్చి చూచిన సమీక్ష 2013లో తేల్చెను. ఇందులో కొత్త మందు లేదు, కొత్త యంత్రము లేదు. పనిని కూర్చుకొనిన తీరే మందు.

రెండవ నిదర్శనము పూర్తిగా నర్సులదే. ఆస్ట్రేలియాలోని న్యూ సౌత్ వేల్స్ రాష్ట్రమున 19 పక్షవాత విభాగములలో సాండీ మిడిల్టన్ అను నర్సు పరిశోధకురాలి నాయకత్వమున ఒక పరీక్ష జరిగెను. అక్కడ చీట్లు వేసినది రోగులకు కాదు, విభాగములకు. ఎంపికైన విభాగముల నర్సులకు మూడు విషయములందు కట్టుదిట్టమైన పద్ధతి నేర్పిరి: జ్వరము, రక్తములో చక్కెర, మ్రింగుడు. మొదటి మూడు దినములు వేడిమిని తరచు చూచి 37.5 సెంటిగ్రేడు డిగ్రీలు, అనగా 99.5 ఫారన్‌హీటు డిగ్రీలు చేరగనే తగ్గించుట. చక్కెరను కనిపెట్టి హెచ్చినచో చికిత్స చేయించుట. మ్రింగగలడో లేదో పరీక్షింపక నోటికి ఏమియు ఈయకుండుట. 2011లో వెలువడిన ఫలితము ప్రకారము మూడు మాసములకు మరణించిన, లేక పరాధీనులైన రోగులు ఆ విభాగములలో నూటికి 42, ఇతర విభాగములలో నూటికి 58.

మ్రింగుటను గూర్చి కొంచెము వివరింపవలెను. ఆరోగ్యవంతుడు నీరు త్రాగునప్పుడు పొలమారినచో దగ్గి బయట వేయును. పక్షవాత రోగికి గొంతు కండరములు సమయమునకు మూసికొనవు. కొందరికి దగ్గు కూడ రాదు. త్రాగిన నీరు చప్పుడు లేకుండ ఊపిరితిత్తులలోనికి జారి న్యుమోనియాకు దారితీయును. మన యిండ్లలో నీరసముగ ఉన్న మనిషికి మొదట పట్టునది పలుచని మజ్జిగయో, చారునీళ్ళో. పలుచని ద్రవమే వేగముగ జారును గనుక ఇట్టి రోగికి అదియే అపాయము కావచ్చును. రోగిని నిటారుగ కూర్చుండబెట్టి, శిక్షణ గల నర్సు కొద్ది నీటితో పరీక్షించి చెప్పిన పిదపనే నోటికి ఈయవలెను. చిక్కని జావ ఈయవచ్చునా, మెత్తని అన్నము ఈయవచ్చునా అనునది ఆ పరీక్ష తరువాతి మాట.

రోగిని ఎప్పుడు లేపవలెనను తగవును కూడ పరిశోధన కొంత తీర్చినది. ఐదు దేశములలో 2,104 మందితో జరిగిన 'అవెర్ట్' పరీక్షలో ఒక వర్గమును 24 గంటలలోపల లేపి, మామూలుకన్న ఎక్కువసార్లు, ఎక్కువసేపు నిలబెట్టి నడిపించిరి. మూడు మాసములకు మంచి స్థితిలో ఉన్నవారు ఆ వర్గమున నూటికి 46, మామూలు వర్గమున నూటికి 50 అని 2015లో తేలెను. తొందర చేటు చేసెను. అట్లని నెల దినములు కదలింపరాదను వాదమునకును ఇందు చోటు లేదు. మామూలు వర్గములోని వారిలో సగముకన్న ఎక్కువమందిని మొదటి 24 గంటలలోనే మెల్లగా లేపిరి. లేపుట మంచిదే. మొదటి దినముననే మితిమీరుట మంచిది కాదు.

సాక్ష్యము ఒకచోటిది, మంచము ఒకచోటిది

కదలని మనిషికి పిరుదుల నడుమ, తుంటివద్ద, మడమలవద్ద పడకపుండ్లు పడును. ఎముకకును పక్కకును నడుమ చర్మము నలిగి, సన్నని రక్తనాళములు మూసికొనిపోయి, చర్మము చచ్చును. బ్రిటిష్ నర్సు డోరీన్ నార్టన్ తన సహచరులతో కలిసి వృద్ధరోగులను పరిశీలించి 1962లో ఒక గ్రంథము ప్రకటించెను. ఎవరికి పుండ్లు పడునో ముందుగా అంచనా వేయుటకు ఆమె ఒక లెక్క చెప్పెను. శరీరస్థితి, మానసిక స్థితి, నడక, కదలిక, మలమూత్ర నిగ్రహము అను ఐదింటికి ఒక్కొక్కదానికి 4 మొదలు 1 వరకు మార్కులు. మొత్తము 14, అంతకు తక్కువ ఐనచో రోగి అపాయములో ఉన్నట్లు. శరీరస్థితికి 3, తెలివికి 3, మంచము దిగలేడు గనుక 1, కొద్దిగా ఒత్తిగిలును గనుక 2, నిగ్రహము తక్కువ గనుక 2 అనుకొన్నచో మొత్తము 11. ఈ రోగికి పక్క మార్చుట ఆరంభింపవలసినది పుండు కనబడిన తరువాత కాదు, నేడే.

ఎన్ని గంటల కొకసారి మార్చవలెను? రెండు గంటల కొకసారి అని చిరకాలపు వాడుక. అమెరికా, కెనడాలలోని 27 వృద్ధాలయములలో 942 మందిని రెండు, మూడు, నాలుగు గంటల వర్గములుగ చేసి మూడు వారములు పరీక్షింపగా, పుండ్లు పడుటలో చెప్పుకొనదగిన భేదము కనబడలేదని 2013లో తేలెను. ఇది చదివిన నర్సు ఒకతె నాలుగు గంటల నియమమును కృష్ణా డెల్టాలోని పల్లెటింటికి పంపినచో ఏమగును? ఆ వృద్ధాలయములలో వాడినవి ఒత్తిడిని పంచు దళసరి నురుగు పరుపులు. ఇక్కడ రోగి పడుకొనునది నులకమంచము మీద పరచిన బొంత కావచ్చును, ముద్దలు కట్టిన దూదిపరుపు కావచ్చును. మే మాసపు ఎండకు చెమటతో చర్మము నానియుండును. పరీక్ష జరిగిన స్థితి ఇక్కడ లేదు గనుక ఆ ఫలితమును ఇక్కడికి యథాతథముగ తేరాదు. రెండు గంటల నియమమును విడువకుండుటయే ఇచట సాక్ష్యమును సరిగ వాడుట. ఎర్రబడిన చోటును గట్టిగ రుద్దుట మేలుకన్న కీడే చేయును గనుక మానవలెను.

సాక్ష్యమును అనుసరించుట అనగా కాగితమును అనుసరించుట కాదని దీనివలన స్పష్టము. 1996లో డేవిడ్ సాకెట్, ఆయన సహచరులు చెప్పిన నిర్వచనములో మంచి పరిశోధనయు, చికిత్స చేయువారి అనుభవమును, రోగి కోరికయు మూడును కలిసియున్నవి. ఆచరణలో ఇది ఐదు మెట్లు. ప్రశ్నను స్పష్టముగ వేసికొనుట. జరిగిన పరిశోధనలను వెదకుట. అవి సరిగ జరిగినవా అని పరిశీలించుట. ఈ రోగికి, ఈ ఇంటికి అవి తగునా అని ఆలోచించి ఆచరించుట. ఫలితమును వ్రాసిపెట్టి చూచుట. విజయవాడలో 1986లో స్థాపింపబడిన ఆరోగ్య విశ్వవిద్యాలయమునకు అనుబంధమైన నర్సింగు కళాశాలలలో పరిశోధన పద్ధతి, గణాంకములు నేడు పాఠ్యాంశములు.

తరగతిలో చేయదగిన ప్రయోగము

1,250 మంది ఎందుకు, పదిమంది చాలరా అని విద్యార్థి అడుగవచ్చును. దీనికి తరగతిలోనే సమాధానము దొరకును. ప్రతి విద్యార్థియు ఒక నాణెమును పది పర్యాయములు ఎగురవేసి, బొమ్మ ఎన్నిసార్లు పడినదో వ్రాసికొనవలెను. బొమ్మ, బొరుసు సమానముగ పడదగినవి. అయినను తరగతిలో సుమారు మూడవ వంతు విద్యార్థులకు ఒకవైపు ఏడో, అంతకు మించియో పడును. వారిలో ఒక్కని నాణెమును మాత్రమే చూచినవాడు నాణెములో లోపమున్నదని తలచును. 40 మంది లెక్కలను కలిపి 400 ఎగురవేతలుగ చూచినచో బొమ్మలు నూటికి 45కు, 55కు నడుమ ఉండును; నూరు తరగతులు ఈ ప్రయోగము చేసినచో సుమారు 95 తరగతులలో ఇట్లే జరుగును.

పదింట ఏడు పడిన నాణెము వంటిదే మేనమామ కథ. అది అబద్ధము కాదు, కాని చాలదు. ఈ మాట తెలిసిన విద్యార్థి ఇంట రేపు ఎవరికైనను పక్షవాతము వచ్చినచో, సలహా చెప్పువారిని అతడు గౌరవముతో వినును, విన్న పిదప, "ఇట్లు చేయనివారు ఎట్లున్నారు?" అని అడుగును. ఆసుపత్రిలో నీళ్ళ గ్లాసు రోగి నోటికి అందించుటకు ముందు నర్సును పిలుచును. రాత్రి రెండు గంటల కొకసారి పక్క మార్చుటకు ఇంటివారిలో వంతులు వేయును.